సివిలు వకీలుకు పట్టా ఒక్కటే చాలునా?

బి.ఏ., బి.కాం. చివరి సంవత్సరంలోని విద్యార్థినీ విద్యార్థులలో కొందరు ఏటేటా న్యాయశాస్త్రం వైపు చూస్తూనే ఉంటారు. అట్టివారిని పలుకరించి, ఎటువంటి వకీలు కాదలచినారని అడిగితే, చాలామంది చెప్పే జవాబులో ఒక బోను, ఒక ముద్దాయి, నల్లకోటు ధరించి గర్జించే ఒక కథానాయకుడు కనిపిస్తారు. ఇది చలనచిత్రాల పుణ్యం. సివిలు కోర్టులో గర్జనలుండవు. అక్కడ ఉన్నది గట్టు తగాదా, అన్నదమ్ముల పంపకం, అద్దె బాకీ, ప్రామిసరీ నోటు, సగం సొమ్ము పుచ్చుకొని రిజిస్ట్రీ చేయని అమ్మకపు ఒప్పందం, చెల్లెలికి దక్కని వాటా. కాని సామాన్య కుటుంబం నిలిచినా చితికిపోయినా, అది చాలామట్టుకు ఈ కోర్టు గుమ్మం దగ్గరనే.

జిల్లా కేంద్రాలలో గాని, హైదరాబాదు సిటీ సివిలు కోర్టులో గాని, భూమి తగాదా అయితే ఫలానా వారి వద్దకే పొమ్మని జనం చెప్పుకొనే పెద్ద వకీళ్ళు కొందరుంటారు. వారికి ఆ నేర్పు ఎక్కడి నుండి వచ్చినది? లా పట్టా వారికి కోర్టులో నిలబడే అధికారం ఇచ్చినది, అంతవరకు నిజం. పని నేర్పినది మాత్రం పట్టాకు ముందో వెనుకో వారు చేసిన మరొక చాకిరి. ఆ చాకిరిలోని విద్య ఇంతకాలం కొన్ని కుటుంబాలకు పుట్టుకతో దక్కినది. ఇకమీదట అది చదువు ద్వారా దక్కవలెనని, అందుకు మనవంటి ఉర్దూ-తెలుగు కళాశాలకు ఇతరులకు లేని వసతి కలదని నా అభిప్రాయం. విద్యార్థులతో పాటు కళాశాల కమిటీ పెద్దలు కూడా ఆలోచింపవలసిన విషయమిది.

ముందుగా వృత్తిలో ప్రవేశించే మార్గం ఎట్లు మారినదో చూడవలెను. పూర్వం వకీళ్ళు, ప్లీడర్లు, ముఖ్తార్లు, బారిస్టర్లు అంటూ పలు తరగతులుండేవి. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క స్థాయి కోర్టు. 1961 నాటి అడ్వకేట్ల చట్టం ఆ భేదాలను తొలగించినది. పట్టా తరువాత శిక్షణ, పరీక్ష ఉండవలెనన్న నిబంధన మొదట ఆ చట్టంలో ఉండేది. 1973లో చేసిన సవరణతో అదీ పోయినది. 1995లో బార్ కౌన్సిల్ ఒక సంవత్సరం శిక్షణ నిబంధనలను మరల తెచ్చినా, అవి చెల్లవని 1999లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2011 నుండి అఖిల భారత బార్ పరీక్ష జరుగుచున్నది. కాబట్టి నేడు ఒక యువకుడు పట్టా పుచ్చుకొని, ఆ పరీక్ష గట్టెక్కితే, చట్టం దృష్టిలో సంపూర్ణమైన న్యాయవాదియే. దావా దాఖలు చేసి ఎరుగకపోయినా, పహాణీ కంటితో చూడకపోయినా, అడ్డు చెప్పేవారు లేరు. అడ్డు చెప్పేది కక్షిదారుని నష్టం ఒక్కటే.

ఇప్పుడు కొందరు పెద్దల పూర్వచరిత్ర పరిశీలింతము. మన హైదరాబాదు నుండే మొదలుపెట్టవచ్చును. మాడపాటి హనుమంతరావు గారిని ఆంధ్రోద్యమ నాయకులుగా, హైదరాబాదు నగర మేయరుగా ఎరుగనివారు లేరు. ఆయన వకీలు కాకముందు హనుమకొండలో కార్యాలయపు గుమాస్తాగా పనిచేసినారు. తరువాత హైదరాబాదులో ప్రభుత్వ న్యాయశాఖలో అనువాదకులుగా ఉన్నారు. ఉర్దూ కథలను, ప్రేమ్‌చంద్ రచనలతో సహా, తెలుగులోనికి తెచ్చినారు. రెండు భాషల నడుమ కూర్చుండి, శాసనంలోని ఒక్కొక్క మాటకు సరియైన మాట వెదకిన మనిషి, ఆ తరువాత వకాలతు చేపట్టినారన్నమాట. బూర్గుల రామకృష్ణారావు గారి సంగతీ ఇటువంటిదే. ఆయన హైదరాబాదులో పేరెన్నికగన్న వకీలు. ఉర్దూ, పారశీ భాషలలో పండితులు. 1884 నుండి నిజాం రాజ్యపు కార్యాలయాలలో పారశీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయినది. ఆ కోర్టులలో తెలుగు రైతు కష్టం ఉర్దూలో చెప్పగలవారే వకీళ్ళు. కనుక ఆ భాషాజ్ఞానం అలంకారం కాదు, పనిముట్టు.

మోతీలాల్ నెహ్రూ గారు పన్నెండేండ్లు వచ్చేవరకు చదివినది పారశీ, అరబీ మాత్రమే. 1883లో వకీలు పరీక్షలో ప్రథములుగా నెగ్గి, వెంటనే అలహాబాదు హైకోర్టులో కాలుమోపలేదు. కాన్పూరు జిల్లా కోర్టులో ఒక పెద్ద వకీలు వద్ద మూడేండ్లు పనిచేసి, 1886లో అలహాబాదు చేరినారు. జమీందారీ వారసత్వపు దావాలలో ఆయనకు వచ్చిన పేరుకు పునాది ఆ కాన్పూరులో పడినది. టంగుటూరి ప్రకాశం గారి తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి కుమారుని చదివించినది. ఆయన రాజమహేంద్రవరంలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా క్రింది కోర్టులలో పేరు తెచ్చుకొని, పై కోర్టులలో వాదించే అర్హత కొరకు ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చినారు. మదరాసు హైకోర్టులో ఆయనకు దన్నుగా నిలిచినది లండను పట్టా కంటె రాజమహేంద్రవరం అనుభవమేనని నేను తలచుచున్నాను. భిన్నాభిప్రాయం ఉన్నవారు ఉండవచ్చును.

వీరందరికన్న విద్యార్థులు శ్రద్ధగా చదువవలసినది గాంధీగారి ఉదంతం. ఆయనను సత్యాగ్రహిగా తలచుకొని, వకీలుగా మరచిపోవడం మనకు అలవాటు. లండనులో బారిస్టరై వచ్చిన ఆయన బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసున నోరు పెగలక, పుచ్చుకొన్న ముప్పది రూపాయల ఫీజు తిరిగి ఇచ్చివేసినారు. 1893లో దాదా అబ్దుల్లా సేఠు గారి దావా పనిమీద దక్షిణాఫ్రికా వెళ్ళినారు. అది ఇద్దరు బంధువుల మధ్య నలుబదివేల పౌనుల వ్యాజ్యం, నిండా జమాఖర్చులు. పి. నోటు అంటే ప్రామిసరీ నోటు అని కూడ ఆ బారిస్టరుకు తెలియదు! ఆయన సిగ్గుపడి దాచుకొనలేదు. లెక్కల పుస్తకం కొని, పద్దులు వ్రాయు విధానం నేర్చుకొన్నారు. గుజరాతీలోని ఉత్తరాలను అనువదించినారు. కాగితం కాగితం చదివిన పిమ్మట, అటు ఇటు వకీళ్ళకు తెలిసినదానికంటె ఆయనకే ఎక్కువ తెలిసినది. చివరకు ఇరువురినీ ఒప్పించి మధ్యవర్తి తీర్పుకు తెచ్చి, ఓడినవారు దివాలా తీయకుండ సొమ్ము వాయిదాలలో చెల్లించే ఏర్పాటు చేసినారు. గమనింపుడు: ఆ దావా గెలిపించినవి లెక్కలు, అనువాదం, ఓర్పు. ఈ మూడింటిలో మొదటిది మన బి.కాం. తరగతిలో చెప్పుచున్నారు. రెండవది మన విద్యార్థులు ఇంటిలో, బజారులో దినమూ తమకు తెలియకుండానే చేయుచున్నారు.

విద్యార్థినుల కొరకు మరొక పేరు చెప్పవలెను. కార్నీలియా సొరాబ్జీ 1892లో ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్ర పరీక్ష నెగ్గినా, స్త్రీ అయినందున కోర్టులో వాదించే హక్కు లేకపోయినది. 1904లో బెంగాలు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కార్యాలయంలో ఉద్యోగం సంపాదించి, దాదాపు ఇరువది ఏండ్లు పరదానషీన్ స్త్రీల ఆస్తి వ్యవహారాలు చూచినది. కాగితం మీద తమ పేర ఏమి వ్రాసి ఉన్నదో తెలియక వ్రేలిముద్ర వేసే స్త్రీలు వారు. 1923 చట్టం స్త్రీలకు వకాలతు హక్కు ప్రసాదించిన పిమ్మట ఆమె కలకత్తా కోర్టులో ప్రవేశించునప్పటికి, ఆ స్త్రీల సంగతి ఆమెకు తెలిసినంతగా ఏ పురుష న్యాయవాదికీ తెలిసి ఉండదు. మహర్ సొమ్ముకై, వాటాకై కోర్టుకు రాదలచిన స్త్రీ నేటికీ మొదట ఒక స్త్రీతోనే మాట్లాడ గోరుచున్నది.

ఇక మన ప్రాంతపు భూమి కాగితాల సంగతికి వత్తము. అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. తెలంగాణలో భూమి హక్కును వెనుకకు వెదకుకొంటూ పోతే, 1954-55 నాటి ఖాస్రా పహాణీ దగ్గర ఒకసారి ఆగుతాము. అంతకు ముందు సేత్వారు, వసూల్ బాకీ, ఇనాము భూములకైతే ముంతఖబు. 1948కి పూర్వపు దస్త్రాలు, డిక్రీలు చాలమట్టుకు ఉర్దూలో, అందులోను షికస్తా అనే గొలుసుకట్టు చేవ్రాతలో ఉంటవి. తేదీలు ఫసలీ లెక్కలో ఉంటవి. స్థూలంగా 590 కలిపితే గాని క్రీస్తు శకం రాదు. 1358 ఫసలీ నాటి జాగీర్ల రద్దు శాసనం అంటే 1949 నాటిదని తెలియని న్యాయవాది, కాలపరిమితి చట్టం మీద ఎంత చక్కగా ఉపన్యసించినా ఏమి లాభం? స్వాధీనం కోరే దావాకు పన్నెండేండ్లు, అమ్మకపు ఒప్పందం అమలుకు మూడేండ్లు అని 1963 నాటి చట్టం చెప్పుచున్నది. ఆ గడువు ఏనాటి నుండి లెక్కించవలెనో చెప్పేది ఈ పాత కాగితాలే.

భాష తెలుసునన్న ధీమా కూడ ప్రమాదమే. తెలుగులో మనం ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు, ప్రతివాది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, వాది. పాత ఉర్దూ డిక్రీని తెలుగు చెవితో చదివితే గెలిచినవాడు ఓడినవాడవుతాడు! రాజీనామా అంటే నేడు మనకు ఉద్యోగం వదలుకొనే కాగితం. పాత దావా కాగితాలలో అది కక్షిదారులు రాజీపడి వ్రాసికొన్న ఒడంబడిక. ఇటువంటి మాటలు నిఘంటువులో దొరకవచ్చును గాని, ఏ మాట దగ్గర నిఘంటువు తెరవవలెనో తెలియడానికి రెండు భాషలూ చెవిలో ఉండవలెను.

కోస్తా జిల్లాలలో కాగితాల పేర్లు వేరు: అడంగలు, రీసెటిల్‌మెంటు రిజిస్టరు మొదలగునవి. అక్కడను ఇతర భాషల, ఇతర ధర్మాల ఎరుక లేకుండా సాగదు. విశాఖపట్నంలో ఒక ముస్లిం కుటుంబంలో 1968లో వ్రాసిన హిబా కాగితం రిజిస్టరు కాలేదన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2011లో గాని తేలలేదు. దానమిస్తున్నానన్న ప్రకటన, పుచ్చుకొన్నవారి అంగీకారం, స్వాధీనం ఇచ్చుట, ఈ మూడూ ఉన్నప్పుడు ఆ కాగితం రిజిస్టరు కానంత మాత్రాన హిబా చెడిపోదని కోర్టు తేల్చినది. కాగితం వ్రాసిన నాటి నుండి నలుబది మూడేండ్లు. పుచ్చుకొన్నవాడు నిజంగా ఇంటిలో కాపురమున్నాడా, పన్ను ఎవరి పేర కట్టినారు, ఇరుగుపొరుగువారు ఏమందురు అని మొదటి దినమే అడిగి వ్రాసికొనే వకీలు ఇటువంటి వ్యాజ్యాలలో సగం పని ముగించినట్లే. ఆ ప్రశ్నలు వేయడం పుస్తకంలో రాదు.

అయితే ఇంతకాలం ఈ విద్య ఎవరికి దక్కినది? మొహమాటం లేకుండ చెప్పవలెనంటే, కరణాలు, పట్వారీలు, దేశముఖుల కుటుంబాల పిల్లలకు, కోర్టు అహల్కార్ల పిల్లలకు, వకీళ్ళ కుమారులకు. వారు అన్నం తింటూ విన్న మాటలే సర్వే నంబరు, తరి, ఖుష్కి, తనఖా, జప్తు. 1984లో వంశపారంపర్యపు గ్రామోద్యోగాలు రద్దయినవి. అది న్యాయమైన పనియే. గ్రామపు దస్త్రం ఒక ఇంటి పెట్టెలో ఉండడం ఏ ప్రజాస్వామ్యానికీ తగదు. కాని పెట్టె బయటికి వచ్చినది గాని, అందులోని కాగితం చదివే నేర్పు వెంట రాలేదు. ఒకప్పుడు సాయంకాలపు లా కళాశాలలలో తహసీలు గుమాస్తాలు, రిజిస్ట్రీ ఉద్యోగులు, బడిపంతుళ్ళు పగలు పనిచేసి సాయంత్రం చదివేవారు. ఆ చదువులో హాజరు అంతంతమాత్రమేనని అందరికీ తెలుసు. అయినా, వారు కోర్టుకు వచ్చేనాటికి పదేండ్ల కాగితాల అనుభవం చంకన పెట్టుకొని వచ్చేవారు. ఆ మార్గం కూడ క్రమంగా మూసుకొనిపోయినది. నేడు ఇంటర్మీడియటు తరువాత అయిదేండ్లు చదివి వచ్చే పిల్లవానికి శాసనం బాగా తెలుసు, సంసారం తెలియదు. దోషం వానిది కాదు.

మిగిలినది ఒక్కటే మార్గం, సీనియరు వద్ద జూనియరుగా కుదరడం. దీని విలువ తక్కువ కాదు. దావా అర్జీలో కోర్టు ఫీజు తక్కువైనదని, హద్దులు సరిగా లేవని కార్యాలయం వాపసు చేసినప్పుడు మొదటి పాఠం. గదిలోని గుమాస్తా, పేరుకు గుమాస్తాయే గాని, కాగితం ఏ బల్ల మీద ఆగినదో వకీలు కంటె ఎక్కువ తెలిసినవాడు. వానిని గౌరవించడం రెండవ పాఠం. కోర్టువారు అడ్వకేట్ కమిషనరుగా నియమిస్తే, సర్వేయరును వెంటబెట్టుకొని ఎండలో గట్టు వెంబడి నడిచి, హద్దురాళ్ళు కొలిచి, ఇరుపక్షాల అరుపులు విని, నివేదిక వ్రాయవలెను. సివిలు వకీలుకు ఇంతకు మించిన పాఠశాల లేదని నేను నమ్ముచున్నాను. ఇక డిక్రీ వచ్చిన తరువాత అమలు. భారతదేశంలో కక్షిదారుని కష్టాలు డిక్రీ చేతికి వచ్చిన పిమ్మటనే మొదలవుతవని 1872లోనే ప్రీవీ కౌన్సిలు వ్యాఖ్యానించినది. అమీనుతో కలిసి స్వాధీనం ఇప్పించడానికి వెళ్ళి, తాళం వేసిన తలుపు ముందు నిలబడిన జూనియరుకు ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

కాని ఈ పాఠశాలలో ఫీజు లేకపోయినా, భోజనమూ లేదు. సీనియరు ఇచ్చేది బస్సు ఖర్చుకు చాలితే అదృష్టం. తండ్రి కొడుకును మూడేండ్లు పోషింపగలిగిన ఇంటిలో ఇది చెల్లుతుంది. ఆటో నడిపేవాని కుమార్తె, కుట్టుపని చేసి చదివించిన తల్లి కుమారుడు ఏమి కావలెను? వారిలో తెలివిగలవారు కొందరు పట్టా కాగానే సివిలు జడ్జి పరీక్షకు కూర్చునేవారు. 2025 మే 20న సుప్రీంకోర్టు, క్రింది స్థాయి సివిలు జడ్జి ఉద్యోగానికి పోటీపడువారికి మూడేండ్ల వకాలతు అనుభవం ఉండవలెనని తీర్పు చెప్పినది. కోర్టు గది చూడనివాడు న్యాయపీఠం ఎక్కరాదన్న తర్కం నాకు సమ్మతమే. 2002కు ముందు కూడ అటువంటి నిబంధన ఉండేది. అయితే ఆ మూడేండ్లు ఎవరు అన్నం పెట్టవలెనన్నది తీర్పు తేల్చగల ప్రశ్న కాదు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాలలో నెలకు 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతాలలో 15,000 రూపాయలు ఇవ్వవలసినదిగా సూచించినది. సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు. జిల్లా కేంద్రంలోని మధ్యతరగతి సీనియరును అంత ఇమ్మని అడిగితే, జూనియరునే వద్దనవచ్చును.

భూమి కాగితాలన్నీ కంప్యూటరు ఎక్కినవి గదా, ఈ పాత చదువు దేనికని అడిగేవారున్నారు. 2020లో ధరణి వచ్చినది. 2025లో దానికి బదులుగా భూభారతి వచ్చినది. అయిదేండ్లకు ఒకమారు యంత్రమే మారుచుండగా, యంత్రంలో ఎక్కించిన పేరు సరియైనదా అన్న తగాదా వచ్చినప్పుడు ఇరుపక్షాలూ పరుగెత్తేది పాత దస్త్రం వద్దకే. కళాశాల ఉన్నది విద్యకు గాని వృత్తికి కాదనే పెద్దలూ ఉన్నారు. వారిపై నాకు గౌరవమే. కాని పాత లిపి చదవడం, రెండు భాషల మాటలు తూచడం, మన తాతల నాటి ఊరి చరిత్ర కాగితాలలో చూడడం విద్య కాకపోతే మరేమిటి?

కమిటీ వారు పెద్ద భవనం కట్టనక్కరలేదు. వారానికి రెండు సాయంత్రాలు పాత దస్తావేజులు చదివే తరగతి ఒకటి పెట్టవచ్చును. ఉర్దూ శాఖ విద్యార్థిని ఒకరిని, తెలుగు శాఖ విద్యార్థిని ఒకరిని ఒక్క బల్లపై కూర్చుండబెట్టి, ఒక్క సేత్వారు నకలు ఇవ్వవలెను. షికస్తా ఒకరు విప్పితే, తెలుగు ఊళ్ళ పేర్లు, చెరువుల పేర్లు మరొకరు పోల్చుకొంటారు. ఒంటరిగా ఎవరికీ సాధ్యం కాదు. బి.కాం. ఉపన్యాసకులు దుకాణపు చిట్టా, ఆవర్జా పుస్తకాలను దావాలో సాక్ష్యంగా ఎట్లు పరీక్షింతురో చూపవచ్చును. 2017 నుండి తెలంగాణ అంతటా ఉర్దూ ద్వితీయ అధికార భాషయే. అనువాదకుల అవసరం కోర్టులకే గాక కార్యాలయాలకూ ఉన్నది. కనుక లా చదువనివారికీ ఈ తరగతి వ్యర్థం కాదు. ఇక మన కళాశాల నుండి వెళ్ళి లా ముగించి, జూనియర్లుగా చేరిన పేద విద్యార్థులు ఒకరిద్దరికైనా మొదటి మూడేండ్లు నెలకు కొంత సొమ్ము ఇచ్చే నిధి పూర్వవిద్యార్థులు సమకూర్చగలరు. బహుమతుల సభకు, షామియానాకు అయ్యే ఖర్చులో కొంత తగ్గించినా మొదటి ఏడు గడచిపోవునని నా లెక్క. అట్లు సహాయం పొందినవారు తరువాత వారానికి ఒక సాయంత్రం ఇక్కడికే వచ్చి ఆ తరగతి చెప్పవలెనన్న షరతు పెట్టడంలో తప్పు లేదు.

మొదటి సంవత్సరం పదిమంది విద్యార్థులు, ఒక గది, నాలుగైదు పాత కాగితాల నకళ్ళు ఉంటే చాలును. చదువ నేర్పడానికి పదవీ విరమణ చేసిన రికార్డు కీపర్లు, పాత కాతిబులు, వకీళ్ళ గుమాస్తాలు మన బస్తీలలో ఉన్నారు. వారి వయస్సు దృష్ట్యా, వచ్చే విద్యా సంవత్సరపు ప్రవేశాలు ముగియకముందే కమిటీ వారు ఈ సంగతి చర్చకు తీసికొనవలెనని కోరుచున్నాను.